ఇంటి చదువు: "తర్వాతేం చేయాలమ్మా?" అన్నదానికి జవాబు ఎవరిది?

పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లో చదివించడం మొదలుపెట్టిన ఆరో నెలలో ఒకరోజు ఊరికే లెక్కపెట్టాను. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండున్నర దాకా మా పెద్దది "అమ్మా, అయిపోయింది. ఇప్పుడేం చేయాలి?" అని 14 సార్లు అడిగింది. గోడకి రంగురంగుల టైమ్‌టేబుల్ అంటించి ఉంది. దాన్ని నేను తప్ప ఎవరూ చూడట్లేదు. పద్నాలుగోసారికి పొయ్యి మీద పోపు మాడిపోయింది.

తనంతట తాను నేర్చుకునే పిల్ల కావాలనే కదా బడి వద్దనుకున్నాం. బడిలో బెల్లు కొడితే తర్వాతి పని వచ్చేది. ఇంట్లో ఆ బెల్లు నేనయ్యాను. బడి బెల్లుకి మధ్యాహ్నం తలనొప్పి రాదు, నాకు వస్తుంది. అంతే తేడా.

ఇప్పటికి నాలుగేళ్లయింది. పెద్దదానికి పన్నెండు, చిన్నాడికి ఎనిమిది. ఉండేది రాజమండ్రిలో. మా ఆయనది ప్రైవేటు ఉద్యోగం, నేను ఇంటి నుంచే రోజుకి మూడు నాలుగు గంటలు అకౌంట్స్ పని చేస్తాను. ఈ నాలుగేళ్లలో నాలుగు పద్ధతులు పట్టుకున్నాం, వదిలేశాం, కొన్నిటిని మళ్లీ పట్టుకున్నాం. "ఏది మంచిది?" అని ఎవరైనా అడిగితే నేను సిలబస్ గురించి చెప్పను. ఒక్కటే చూడమంటాను. ఆ పద్ధతిలో ఆర్నెల్లు నడిచాక "తర్వాతేంటి?" అన్నదానికి జవాబు ఎవరి దగ్గర ఉంటుంది? అమ్మ దగ్గరా, స్క్రీన్ దగ్గరా, పిల్ల దగ్గరా?

ముందు కాగితాల సంగతి

చుట్టాలు మొదట అడిగేది ఇదే కాబట్టి ముందే చెప్పేస్తాను. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని అందులో 10వ సెక్షన్ చెబుతుంది. చేర్పించకపోతే వాళ్లకి శిక్ష ఏమిటన్నది మాత్రం రాయలేదు. ఇంటి చదువుకంటూ విడిగా చట్టం లేదు. ఈ సంగతి తెలుసుకునే దిగాలి.

సర్టిఫికెట్ కోసం చాలామంది వెళ్లేది జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్‌కి. 3, 5, 8 తరగతులకి సమానమైన ఎ, బి, సి స్థాయిలు అందులో ఉన్నాయి. పదో తరగతికి 14 ఏళ్లు, ఇంటర్‌కి 15 ఏళ్లు నిండాలి. మన రెండు రాష్ట్రాల ఓపెన్ స్కూల్ సొసైటీలు కూడా పది, ఇంటర్ పెడతాయి. స్వతంత్రం అన్న కోణంలో చూస్తే ఎన్‌ఐఓఎస్‌లో నాకు నచ్చింది ఒకటుంది. కనీసం ఐదు సబ్జెక్టులు తీసుకోవాలి, కానీ అన్నీ ఒకేసారి రాయనక్కర్లేదు. అడ్మిషన్ ఐదేళ్లు చెల్లుతుంది, పరీక్షలు ఏడాదికి రెండుసార్లు. ఈ విడతలో ఏ రెండు రాయాలో తేల్చుకోవాల్సింది పిల్లలే. మా స్నేహితురాలి కొడుకు ధైర్యంగా లెక్కలు పక్కన పెట్టి ముందు తెలుగు, హోమ్ సైన్స్ రాశాడు. టీఎంఏలని అసైన్‌మెంట్లు ఉంటాయి, వాటికి 20 శాతం మార్కులు. వాటి గడువు తేదీలు వాడి ఫోన్‌లో పెట్టించింది, తన ఫోన్‌లో కాదు. ఆ ఒక్క పని చాలా ఇళ్లలో జరగదు.

ఇక ఇంట్లో రోజు ఎలా గడవాలన్నది.

ఇంట్లోనే బడి

టైమ్‌టేబుల్, పాఠ్యపుస్తకాలు, తెల్లబోర్డు, అమ్మే టీచరు. దాదాపు అందరం ఇక్కడే మొదలుపెడతాం, ఎందుకంటే మనకి తెలిసిన చదువు అదొక్కటే. అత్తగారు అడిగితే చూపించడానికి నోటుబుక్కులు కూడా ఉంటాయి.

దీన్ని తీసిపారేయను. చదవడం రాని పిల్లకి, ఒత్తులూ గుణింతాలూ దగ్గర, కూడికలో చేతిలో మిగిలిన అంకె దగ్గర పక్కన కూర్చుని చెప్పాల్సిందే. వైగోట్‌స్కీ అనే రష్యన్ మనస్తత్వవేత్త చెప్పింది అదే కదా: ఇవాళ పక్కన ఒకరుంటే చేయగలిగిన పని, రేపు ఒక్కరే చేస్తారు. అసలు చిక్కు ఆ పక్కనుండేవాళ్లు ఎప్పుడు లేవాలన్నదే. మేస్త్రీలని చూడండి. శ్లాబ్ వేసిన మర్నాడే సెంట్రింగ్ విప్పితే కూలుతుంది. గృహప్రవేశానికి కూడా విప్పకపోతే ఆ కర్రల మధ్య కాపురం చేయలేం. వుడ్, బ్రూనర్, రాస్ అనే ముగ్గురు 1976లో రాసిన పరిశోధన వ్యాసంలో పిల్లలకి పెద్దలు అందించే సాయాన్ని ఇలా భవనాలకి కట్టే పరంజాతోనే పోల్చారు. కట్టడం ఎంత ముఖ్యమో విప్పడం అంతే ముఖ్యం.

నేను కట్టాను, విప్పలేదు. రెండో తరగతి పిల్లకి పక్కన కూర్చున్నట్టే మూడో తరగతికీ కూర్చున్నాను. దాంతో ఆ పిల్ల లెక్క తప్పిందో లేదో చూసుకోవడానికి కాగితం వైపు కాకుండా నా మొహం వైపు చూడటం నేర్చుకుంది. నా కనుబొమ్మ కదిలితే చాలు, రబ్బరు తీసేది.

ఈ పద్ధతి ఎంచుకునేవాళ్లు విప్పే తేదీ కూడా ముందే రాసుకోండి. ఒక లెక్క నేను చేసి చూపించాలి, ఒకటి ఇద్దరం కలిసి చేయాలి, ఒకటి తను చేస్తుంటే నేను నోరు మూసుకుని చూడాలి, మిగతా నాలుగు నేను గదిలో లేకుండా తను చేసుకోవాలి. నోరు మూసుకునేదే కష్టం. నేను చేతిలో కూర తరుక్కునే పని పెట్టుకుని కూర్చునేదాన్ని.

వాళ్ల ఇష్టానికే వదిలేయడం

దీనికి ఇంగ్లీషులో అన్‌స్కూలింగ్ అని పేరు. 1970ల్లో అమెరికాలో జాన్ హోల్ట్ అనే ఉపాధ్యాయుడు ప్రచారంలోకి తెచ్చిన మాట. సిలబస్ ఉండదు, పిల్లకి ఏది పడితే అది చదువు.

టైమ్‌టేబుల్ చించేశాక మేం ఇందులోకి దూకాం. మొదటి మూడు వారాలు మా పెద్దది ఏమీ చేయలేదు. నిజంగానే ఏమీ చేయలేదు. మంచం మీద పడుకుని ఫ్యాను చూసింది. బడి నుంచి బయటికొచ్చిన పిల్లలకి ఈ ఖాళీ కాలం ఉంటుందని తర్వాత నాలాంటి ఇంకో ఇద్దరు తల్లులు చెప్పారు. అప్పుడు తెలియక మా ఆయనా నేనూ రాత్రిళ్లు గుసగుసగా పోట్లాడుకున్నాం.

నాలుగో వారానికి గోదావరికి వరదొచ్చింది. టీవీలో "ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, 10 లక్షల క్యూసెక్కులు" అంటుంటే పిల్ల అడిగింది: "అవి ఎన్ని బిందెలమ్మా?" నాకు తెలియదన్నాను. అబద్ధం కాదు, నిజంగానే తెలియదు. తనే వెతికింది. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీళ్లు, సుమారు 28.3 లీటర్లు. మా స్టీలు బిందెలో ఎన్ని లీటర్లు పడతాయో చూడ్డానికి లీటరు సీసాతో బాత్‌రూమ్‌లో నింపి లెక్కపెట్టింది: పదిహేను. తర్వాత భాగహారం. అంత పెద్ద అంకెల్ని అంతకుముందెప్పుడూ భాగించలేదు, సున్నాలు రెండుసార్లు తప్పిపోయాయి. సాయంత్రానికి వచ్చి చెప్పింది, సెకనుకి దాదాపు 19 లక్షల బిందెలని. ఆ మర్నాడు రెండో హెచ్చరికకి 13 లక్షలు, మూడోదానికి 17 లక్షల క్యూసెక్కులైతే ఎన్నో కూడా వేసింది. వరద తగ్గాక ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియంకి తీసుకెళ్లమంది. 1852లో ఆనకట్ట పూర్తయిందని, దాని వల్లే డెల్టాకి కాలువలొచ్చాయని తెలిసి నెలంతా కాలువల మ్యాపులే గీసింది.

ఆ నెల చూసి మేం మురిసిపోయాం. చూడాల్సింది ఆ తర్వాతి మూడు నెలలు. గోదావరి తగ్గింది, కాలువలు అయిపోయాయి, మళ్లీ ఫ్యాను. ఇంకోటి కూడా గమనించాం. ఇష్టం ప్రకారం వెళ్లినప్పుడు ఇంగ్లీషు దానంతటదే పెరిగింది, వీడియోలు అందులోనే ఉంటాయి కాబట్టి. తెలుగు రాయడం పూర్తిగా ఆగిపోయింది. ఒకరోజు తాతయ్యకి ఉత్తరం రాయమంటే "ఆనకట్ట"కి క వత్తు పెట్టింది. ఊరంతా తెలుగు మాట్లాడే చోట ఇది జరిగింది. హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల్లోనో డల్లాస్‌లోనో ఉండేవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి.

ఈ పద్ధతిలో "తర్వాతేంటి"కి జవాబు పిల్ల దగ్గరే ఉంటుంది, అది నిజం. కానీ జవాబు లేని రోజు ఆ ఖాళీని భరించే ఓపిక ఇంట్లో పెద్దవాళ్లందరికీ ఉండాలి. పుస్తకాలు, మనుషులు, తిరగడానికి చోట్లు చుట్టూ ఉండాలి. ఇల్లూ ఫోనూ తప్ప వేరే ఏమీ లేనప్పుడు పిల్ల ఇష్టం ఫోన్ దగ్గరే ఆగిపోతుంది. అలాంటి ఇంటికి ఇది నేను చెప్పను.

ఆన్‌లైన్ క్లాసులు, ట్యూషన్ మాస్టారు

దీని మీద నాకు కొంచెం కోపం ఉంది, ముందే చెప్తున్నాను. ఒక ఏడాది ఒక యాప్‌కి పూర్తి ఫీజు కట్టాం. మూడో నెలకే పిల్ల మానేసింది, డబ్బులు వెనక్కి రాలేదు. కానీ నా అసలు బాధ డబ్బు కాదు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండు గంటలు కదలకుండా కూర్చునేది. నన్ను ఒక్కసారి కూడా పిలిచేది కాదు. ఎంత స్వతంత్రం వచ్చేసిందో అనుకున్నాను. ఒకరోజు కరెంటు పోయింది. అప్పుడు చూడాలి. "ఇప్పుడేం చేయాలమ్మా?" మళ్లీ మొదలు. తర్వాతేం చేయాలో స్క్రీన్‌లో నెక్స్ట్ బటన్ చెప్తోంది, నేను చెప్పట్లేదంతే. నాకు తీరిక దొరికింది, దాన్ని పిల్ల స్వతంత్రం అనుకున్నాను.

మాస్టార్ల సంగతి మనిషిని బట్టి. మాకు దొరికిన ఒకాయన పాపం మంచివారే, పిల్ల రెండు నిమిషాలు ఆలోచిస్తే చాలు పెన్ను లాక్కుని తనే చేసేసేవారు. ఇప్పుడు ఎవరినైనా పెట్టుకునే ముందు ఒక గంట ఉచితంగా చెప్పమని అడిగి పక్క గదిలో కూర్చుని వింటాను. ఎవరి గొంతు ఎక్కువ వినపడుతోందో దాన్ని బట్టే నిర్ణయం.

మనకి రానివాటికి మాత్రం బయటి సాయం కావాల్సిందే. సంగీతం, హిందీ, తొమ్మిదీ పదిలో సైన్సు. తల్లిదండ్రులిద్దరూ పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే ఇంట్లో కూడా ఇది తప్పదు. అలాంటప్పుడు రోజుకి ఒక్క క్లాసుకే కట్టేసి, మిగతా పూటని కింద చెప్పే పద్ధతిలో పెట్టండి.

వారం పట్టీ

చివరికి మేం నిలబడింది ఇక్కడ. ఈ ఆలోచన మదనపల్లి దగ్గరున్న రిషివ్యాలీ అనే బడి నుంచి వచ్చింది. అక్కడి చుట్టుపక్కల పల్లెల్లో ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలూ, ఒకే టీచరూ ఉండే చిన్న బడులున్నాయి. పద్మనాభరావు, రమ దంపతులు వాటి కోసం పాఠాల్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. ఏ కార్డు తర్వాత ఏది అన్నది ఒక నిచ్చెనలా గీసి ఉంటుంది. పిల్ల తను ఏ మెట్టు మీద ఉందో తనే చూసుకుని తర్వాతి కార్డు తీసుకుంటుంది. కొన్ని కార్డులు టీచరుతో, కొన్ని తోటి పిల్లలతో, కొన్ని ఒంటరిగా. టీచరు అందరికీ ఒకేసారి చెప్పలేని పరిస్థితిలోంచి పుట్టిన పద్ధతి. ఒక చేత్తో అకౌంట్స్, ఇంకో చేత్తో ఇద్దరు పిల్లలు ఉన్న నా పరిస్థితి కూడా అదే కదా అనిపించింది.

మేం అంత చక్కగా కార్డులు చేయలేదు. ఆదివారం సాయంత్రం ఒక తెల్లకాగితం తీసుకుంటాం. సగం పనులు నేను రాస్తాను: లెక్కల పుస్తకంలో ఫలానా రెండు అభ్యాసాలు, తెలుగులో ఒక పేజీ సొంతంగా, సైన్సు ఒక పాఠం. మిగతా సగం తను రాస్తుంది. ఏ రోజు ఏది, ఎన్నింటికి అన్నది పూర్తిగా తన ఇష్టం. శుక్రవారం సాయంత్రం ఇద్దరం కలిసి టిక్కులు చూస్తాం. మిగిలిపోయినవి శనివారం ఆట టైమ్‌లోకి వస్తాయి.

మొదటి వారం ఏమైందో ఊహించే ఉంటారు. సోమవారం నుంచి గురువారం దాకా బొమ్మలు, మొక్కలు, కథలు. శుక్రవారం పొద్దున లెక్కల కొండ. మధ్యాహ్నం మూడింటికి ఏడుపు. వాళ్ల నాన్న మెత్తబడి "సగం వదిలేద్దాంలే" అన్నారు, నేనూ మెత్తబడబోయాను. వదల్లేదు. తిట్టలేదు కూడా. అదే చాలా కష్టమైంది. "నేను చెప్పలేదా" అన్న మాట గొంతు దాకా వచ్చి ఆగింది. శనివారం కింద పిల్లలు ఖోఖో ఆడుతుంటే పైన కిటికీ దగ్గర కూర్చుని రెండో అభ్యాసం పూర్తి చేసింది. రెండో వారం కూడా దాదాపు ఇంతే. మూడో వారం లెక్కలు బుధవారానికి జరిగాయి. సోమవారానికి రావడానికి రెండు నెలలు పట్టింది. తనే జరిపింది.

ఇందులో ఇంకో చిక్కు, జవాబుల పేజీ. తన లెక్కలు తనే దిద్దుకోవాలని ఇచ్చాను. చూసి రాసేసింది, సహజం. పేజీ దాచేయలేదు. శుక్రవారం నేను వేలు పెట్టిన ఒక లెక్కని తమ్ముడికి అర్థమయ్యేలా నోటితో చెప్పాలన్నాను. వాడు ఊరుకునే రకం కాదు, ప్రతిదానికీ "ఎందుకు?" అంటాడు. చూసి రాసిన లెక్క వాడి ముందు నిలబడదు.

కాకపోతే పెద్ద పిల్లని చిన్నవాడికి జీతం లేని టీచరుగా మార్చేసే ప్రమాదం ఉంది, ముఖ్యంగా ఆ పెద్దది ఆడపిల్లయితే. వారానికి ఒక లెక్క అంటే ఒక లెక్కే.

వారం పట్టీ ఆరేళ్ల పిల్లలకి పనికిరాదు. వాళ్లకి వారమంటే యుగం. మా చిన్నాడికి ఏడో ఏడు వచ్చేదాకా పొద్దున్నే మూడు బొమ్మలు గీసిన అట్టముక్క ఇచ్చేదాన్ని: పుస్తకం, పెన్సిలు, నీళ్ల చెంబు. అంటే చదవడం, రాయడం, మొక్కలకి నీళ్లు. ఏది ముందో వాడిష్టం. పద్నాలుగు దాటినవాళ్లకి నెల పట్టీ ఇవ్వొచ్చు, అందులో సగం కాదు, ముప్పావు వంతు వాళ్లదే ఉండాలి.

చదువు కాని చదువు

స్వతంత్రం పుస్తకాల్లో కంటే వంటింట్లో తొందరగా వస్తుందని నా అనుభవం. అక్కడ తప్పు వెంటనే కనపడుతుంది, మన మొహం చూడక్కర్లేదు. ఎసరు ఎక్కువైతే అన్నం ముద్దవుతుంది, అదే చెప్తుంది. నాలుగేళ్లకి చిక్కుడుకాయ ఈనెలు తీయొచ్చు, ఆరేళ్లకి కంచాలు పెట్టి నీళ్లు పోయొచ్చు, పదేళ్లకి చపాతీ. పొయ్యి దగ్గర మాత్రం పెద్దవాళ్లు ఆ గదిలో ఉండాలి, ఇందులో బేరం లేదు. ఇటలీ విద్యావేత్త మాంటిస్సోరి 1907లో రోమ్‌లో తెరిచిన మొదటి బడిలో కుర్చీలూ బీరువాలూ పిల్లల ఎత్తుకి చేయించింది. మనం అంత చేయించనక్కర్లేదు, కంచాలూ గ్లాసులూ కింది అరలోకి దింపి, తువ్వాలు మేకు రెండడుగులు కిందికి కొడితే చాలు.

చిన్నపిల్లలకి పెద్ద పని నేర్పేటప్పుడు వెనక నుంచి మొదలుపెట్టండి. చొక్కా గుండీలన్నీ మనం పెట్టి ఆఖరి గుండీ వాళ్లని పెట్టుకోమనాలి. అది వచ్చాక ఆఖరి రెండు. పని పూర్తి చేసిన తృప్తి ప్రతిసారీ వాళ్లదవుతుంది. ఎదుగుదల నెమ్మదిగా ఉన్న పిల్లలకి థెరపిస్టులు కూడా ఇలాగే నేర్పుతారు.

మా ఇంట్లో దీనికి అడ్డం మా అత్తయ్యగారి ప్రేమ. "పాపం చిన్నాడు, వాడికేం వచ్చు" అంటూ అన్నం కలిపి పెడతారు, చెప్పులు తొడుగుతారు. రెండేళ్లు వాదించి లాభం లేక ఆవిడకి వేరే పని అప్పజెప్పాను. సాయంత్రాలు వాడితో వామనగుంటలు. రెండు వరసల్లో ఏడేసి గుంటలు, చింతపిక్కలు. ఆటలో ఆవిడ అస్సలు కనికరించరు. వాడు ఎక్కడ పంచడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతుందో ముందే మనసులో లెక్కేసుకోవడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడు. అన్నం ఇప్పటికీ అప్పుడప్పుడూ కలిపి పెడతారు, నేను చూడనట్టు ఉంటాను.

ఇక వీధి. పోయినేడు వాడికి డబ్బులిచ్చి అరకిలో కందిపప్పుకి పంపాను. మా సందు చివరే కొట్టు. శనగపప్పుతో వచ్చాడు. నేను చెప్పులు వేసుకోబోయి ఆగాను. "మార్చుకుని రా" అన్నాను. "నువ్వు రా అమ్మా, ఆయన కోప్పడతాడు." "కోప్పడితే నాకు చెప్పు." పిట్టగోడ మీంచి చూస్తే పెద్దవాళ్ల నడుముల మధ్య సంచి గుండెలకి పట్టుకుని నిలబడి ఉన్నాడు. నలుగురు వచ్చి కొనుక్కుని వెళ్లారు. వీడు నోరు విప్పడు. అయిదోవాళ్లు వెళ్లాక కొట్టాయనే "ఏంటి బాబూ?" అంటే ఏదో చెప్పాడు. తిరిగొచ్చి పప్పు గట్టు మీద పెట్టి "రెండూ పచ్చగానే ఉన్నాయి, కానీ ఇది చిన్నగా ఉంటుంది" అన్నాడు. ఆ వారం నా పట్టీలో భాష కింద టిక్కు పెట్టాను.

స్నేహితులు ఎలా అని అడుగుతారు కదా. దీనికి బడంత సులువైన జవాబు ఇంట్లో లేదు, ఒప్పుకోవాలి. సాయంత్రం వీధి ఆట, వారానికోసారి గౌతమీ గ్రంథాలయం, శనివారం కడియపులంకలో తెలిసినవాళ్ల నర్సరీ. అక్కడ పెద్దది గాలి అంటు కట్టడం నేర్చుకుంటోంది. కొమ్మ మీద బెరడు తీసి, తడి నాచు చుట్టి, ప్లాస్టిక్ కాగితం కట్టి, వారాల తరబడి ఊరుకోవాలి. రోజూ విప్పి చూస్తే వేళ్లు రావని నర్సరీ తాత చెప్పాడట. నాకేసి చూస్తూ చెప్పింది ఆ మాట.

ఎవరికి ఏది

ఐదారేళ్ల పిల్లయితే రోజుకి గంటలోపు ఇంటి బడి, మిగతా అంతా ఆటా పనీ. బడిలో దెబ్బతిని, భయంతో బయటికొచ్చిన పిల్లయితే కొన్నాళ్లు పూర్తిగా వదిలేయండి. తర్వాత పట్టీ. పరీక్ష ఏడాదిలో ఉన్నవాళ్లకి పట్టీతో పాటు ఒకటి రెండు సబ్జెక్టులకి బయటి క్లాసు. ఏ దారైనా మూడు నెలల కంటే ముందు మార్చొద్దు. నేను మార్చి మార్చి మొదటి ఏడాది పాడు చేశాను.

బడే మేలైన ఇళ్లూ ఉన్నాయి. రోజూ తల్లీ పిల్లా అరుచుకునే ఇల్లు, తల్లికి ఆరోగ్యం బాగోలేని ఇల్లు, పిల్ల నోరు తెరిచి "నాకు ఫ్రెండ్స్ కావాలి" అని అడిగే ఇల్లు. వెనక్కి వెళ్లడం అనుకున్నంత కష్టం కాదు. విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం 14 లోపు పిల్లని వయసుకి తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి, 13వ సెక్షన్ ప్రకారం ప్రవేశ పరీక్షలు పెట్టకూడదు.

ఈ సెక్షన్లు నాకెలా గుర్తున్నాయంటే, పోయిన నెల మా పెద్దది అడిగింది. వచ్చే జూన్‌లో ఎనిమిదో తరగతికి బడికి వెళ్తానంటోంది. ఎందుకని అడిగితే మాట్లాడలేదు, ఆదివారం సాయంత్రం కాగితం మధ్యలో గీత గీసి రెండు వైపులా రాసి తెచ్చింది. ఇల్లు అన్న వైపు నర్సరీ, లైబ్రరీ, పొద్దున్న ఏడు దాకా నిద్ర. బడి అన్న వైపు ల్యాబు, ఖోఖో టీమ్, "అమ్మ కాని టీచరు". వాళ్ల నాన్న ఒకటి, నేను ఒకటి కింద చేర్చాం. ఏదీ తేలలేదు, ఏప్రిల్ దాకా టైమ్ ఉంది. కాగితం ఫ్రిజ్ మీద ఉంది, అప్పుడప్పుడూ వచ్చి దానికి ఇంకో లైను చేర్చి వెళ్తుంది.